పెట్టె ఒకటి, సాక్ష్యాలు నాలుగు: జర్మన్ సైనిక పతకాల అసలు–నకిలీ నిర్ణయం

యుద్ధంలో చూపిన తెగువకో, చేసిన సేవకో ప్రభుత్వం ఇచ్చిన పతకం తన సొంత పెట్టెతో, రిబ్బన్‌తో, ప్రదాన పత్రంతో సహా దొరికితే సేకర్తలు దాన్ని ‘పూర్తి సెట్టు’ అంటారు. విడి పతకం కంటే ఇలాంటి సెట్టుకు ధర చాలా ఎక్కువ. మోసానికి దారి తీసేదీ ఆ ధరే. అసలైన పాత పెట్టెలో కొత్తగా చేసిన పతకాన్ని పెట్టవచ్చు. అసలైన పతకానికి కొత్త పెట్టె తొడగవచ్చు. ఒక సైనికుడి పతకానికి ఇంకొకరి పత్రం జత చేయవచ్చు. అందుకే పెట్టె, లోహం, రిబ్బన్, కాగితం అనే నాలుగింటినీ నాలుగు వేర్వేరు సాక్ష్యాలుగా పరీక్షించాలి. ఒకదాని మంచితనాన్ని చూసి మరొకదాన్ని నమ్మకూడదు. పెట్టె పాతదని తేలినంత మాత్రాన లోపలిది పాతదైపోదు.

హైదరాబాద్‌లో ఒకప్పుడు పాత నాణేలు, పతకాలు కావాలనుకునేవారు పాతబస్తీ దుకాణాలు తిరిగేవారు. ఇప్పుడు గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో అపార్ట్‌మెంట్‌లో కూర్చుని మ్యూనిక్, లండన్ వేలాల్లో పాట పాడవచ్చు. ఈ సౌకర్యం వెంట ఒక ఇబ్బందీ వచ్చింది: వస్తువును చేతిలోకి తీసుకోకుండా, తూచకుండా, ఫొటో చూసి డబ్బు కట్టాలి. జర్మన్ పతకాల విషయంలో ఆ ఫొటో కూడా పూర్తిగా కనిపించదు. నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను జర్మన్ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నిషేధించింది. విద్యకు, పరిశోధనకు, కళకు మినహాయింపులున్నా, జర్మన్ వేలం సంస్థలు జాగ్రత్తపడి కేటలాగుల్లో స్వస్తిక భాగాన్ని కప్పేస్తాయి. నకిలీని పట్టించే వివరాలు చాలాసార్లు ఉండేది సరిగ్గా ఆ మధ్య భాగంలోనే.

ఐరన్ క్రాస్: అందరికీ తెలిసిన పతకం

జర్మన్ పతకాల్లో అందరికీ తెలిసినది ఐరన్ క్రాస్. నెపోలియన్ మీద పోరు సాగుతున్న కాలంలో ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ 1813లో బ్రెస్లావ్‌లో దీన్ని నెలకొల్పాడు. కన్నుమూసిన రాణి లూయిజా పుట్టినరోజైన మార్చి 10ని స్థాపన తేదీగా వేశారు. ఆకృతిని రూపొందించినవాడు వాస్తుశిల్పి కార్ల్ ఫ్రెడరిక్ షింకెల్. కష్టకాలంలో బంగారానికి బదులు ఇనుముతో చేసిన గౌరవ చిహ్నం కావడం దాని ప్రత్యేకత. ఆ తర్వాత 1870లో, 1914 ఆగస్టు 5న, 1939 సెప్టెంబర్ 1న దీన్ని మళ్లీ ప్రకటించారు. ఒక్క మొదటి ప్రపంచ యుద్ధంలోనే రెండో తరగతి క్రాసులను దాదాపు 50 లక్షలు ఇచ్చారు. మొదటి తరగతివి అందులో చిన్న వంతు, రెండు లక్షలకు కాస్త పైన.

ఈ అంకెలు పరీక్షకులకు ఎంతో ముఖ్యం. లక్షల్లో ఇచ్చిన పతకం చౌకగా దొరుకుతుంది కాబట్టి దాన్ని శ్రమపడి నకిలీ చేస్తే లాభం తక్కువ. 1934 జూలైలో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పేరిట ప్రకటించిన ‘ప్రపంచ యుద్ధ గౌరవ శిలువ’ను సుమారు 80 లక్షల మందికి ఇచ్చారు. యుద్ధరంగంలో ఉన్నవారికి కత్తులతో, మిగతా సైనికులకు కత్తులు లేకుండా, మరణించినవారి భార్యలకు, తల్లిదండ్రులకు నల్లరంగులో మరో రకం ఇచ్చారు. ఇది చవకగా, అసలుదిగా దొరికే పతకం. మరోవైపు ఐరన్ క్రాస్‌లోనే పై తరగతిగా 1939లో మొదలైన నైట్స్ క్రాస్ 7,300 మందికి కాస్త పైగా మాత్రమే దక్కింది. నకిలీల తాకిడి ఎక్కువగా ఉన్నది దానికే. అరుదైన పతకం కొనేటప్పుడు మొదట ఎంతమందికి ఇచ్చారో, ఇప్పుడు బజారులో ఎన్ని తిరుగుతున్నాయో పోల్చి చూడటం మంచి ఆరంభం.

పెట్టె చెప్పే సంగతులు

రెండో ప్రపంచ యుద్ధకాలపు మొదటి తరగతి ఐరన్ క్రాస్ పెట్టె సాధారణంగా నల్లటి తోలువంటి కాగితం అంటించిన చిన్న డబ్బా. మూత మీద వెండిరంగు గీతలతో శిలువ ఆకారం ఉంటుంది. లోపల కింది భాగంలో వెల్వెట్ వంటి నూగు పరుపు, మూత లోపల తెల్లని శాటిన్. రెండో తరగతి క్రాసులను మాత్రం ఎక్కువగా కాగితపు కవర్లలో ఇచ్చేవారు. యుద్ధకాలపు రెండో తరగతి క్రాసును ఆడంబరమైన పెట్టెలో చూసినప్పుడు, ఆ పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. సైనికుడు సొంత డబ్బుతో దుకాణంలో కొనుక్కున్నదీ కావచ్చు, తర్వాత ఎవరో జత చేసిందీ కావచ్చు.

పెట్టెలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు పరుపు మీద పతకం మిగిల్చిన అచ్చు. దశాబ్దాల పాటు ఒకే చోట ఉన్న పతకం కింద నూగు అణిగిపోతుంది. వెనుక పిన్ను ఉన్న చోట సన్నని లోతైన గీత పడుతుంది. ఇనుము తేమ పట్టిన చోట గోధుమరంగు మరక అంటుతుంది. పతకాన్ని తీసి, పిన్ను, కొక్కెం ఉన్న స్థానాలను పరుపు మీది గీతతో సరిపోల్చాలి. పరుపు మీద గీత నిలువుగా ఉండి, పతకం పిన్ను అడుగున ఇంకో చోట తగులుతుంటే ఆ రెండూ చాలాకాలం కలిసి లేవని అర్థం. పరుపు కొత్తదానిలా ఉబ్బి ఉండి, పతకం మాత్రం వందేళ్ల నాటిదిలా నల్లబడి ఉన్నా అంతే. తుప్పు మరక పతకం మీది తుప్పు చోటుకు ఎదురుగా ఉందా లేదా అన్నదీ చూడాలి. టీ డికాషన్ పూసి పాతబరచిన కాగితానికి అన్ని వైపులా ఒకే రంగు వస్తుంది. నిజంగా పాతబడిన పెట్టెలో వేళ్లు తగిలే మూలలు, మూత తెరిచే అంచు ఎక్కువగా అరిగి, మిగతా చోట రంగు నిలిచి ఉంటుంది.

మూతను పట్టి ఉంచే గుండీ, కీలు, లోపలి జిగురు కూడా సాక్ష్యాలే. వేడి చేసి గన్నుతో అద్దే ప్లాస్టిక్ జిగురు, స్పాంజి, పాలిస్టర్ పరుపు యుద్ధకాలపు పెట్టెలో ఉండటానికి వీల్లేదు. పాలిస్టర్ నారకు ఇంగ్లండ్‌లో పేటెంట్ 1941లో వచ్చింది. అది బట్టగా బజారులోకి విరివిగా వచ్చింది యుద్ధం ముగిశాకే.

లోహం: అతుకు, అచ్చు, పోత

అసలైన ఐరన్ క్రాస్ మూడు ముక్కల కూర్పు. నల్లరంగు పూసిన ఇనుప గుండె ఒకటి, దాన్ని ముందు నుంచి, వెనుక నుంచి పట్టుకునే వెండి చట్రపు సగాలు రెండు. ఆ రెండు సగాలనూ అంచు వెంబడి టంకం పెట్టి అతికేవారు. పతకాన్ని పక్కకు తిప్పి పది రెట్ల భూతద్దంతో అంచును చూస్తే ఆ అతుకు గీత కనిపించాలి. మొత్తం ఒకే ముక్కగా పోతపోసి, మధ్యలో నల్లరంగు వేసి, అంచుకు వెండిపూత పెట్టిన నకిలీలకు ఆ గీత ఉండదు. ఉన్నా అది గోటితో గీకినట్టు పైపైనే ఉంటుంది. నల్లని భాగం చట్రంలోకి దూరిపోయే చోట సన్నని సందు ఉండాలి. రంగు చట్రం మీదికి పాకి ఉంటే అనుమానించాలి.

అచ్చు దిమ్మతో బలంగా ఒత్తి చేసిన లోహానికీ, మూసలో పోసి చేసిన లోహానికీ తేడా భూతద్దంలో తెలిసిపోతుంది. ఒత్తిన చట్రం అంచు మీది చిన్న చిన్న పూసలు విడివిడిగా, పదునుగా నిలబడతాయి. పోతలో అవి మొద్దుబారి, మధ్యలో గాలిబుడగల గుంటలు, సబ్బు జారినట్టున్న గుండ్రదనం కనిపిస్తాయి. ఈ తేడా కళ్లారా చూడదలచుకున్నవారికి హైదరాబాద్‌లోనే మంచి చోటుంది. 1903 నుంచి టంకశాల నడిచిన సైఫాబాద్ భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. అచ్చు ఒత్తిన లోహం పదును ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకోవడానికి అక్కడి నాణేలు, పరికరాలు పనికొస్తాయి.

ఒకే తయారీదారు అచ్చు దిమ్మలో ఏర్పడిన చిన్న పగులు, గీత, చుక్క ఆ దిమ్మతో చేసిన పతకాలన్నిటి మీదా ఒకే చోట కనిపిస్తాయి. సేకర్తలు ఈ లోపాల పట్టికలను ఏళ్ల తరబడి తయారు చేసుకుని, కొత్తగా కనిపించిన పతకాన్ని వాటితో పోలుస్తారు. అసలుకు ఉండే పొరపాటే దాని గుర్తింపు చీటీ అవుతుంది. అయితే అసలు పతకం నుంచే మూస తీసి పోతపోసిన నకిలీకి ఆ లోపాలు కూడా బదిలీ అవుతాయి. లోహం చల్లారినప్పుడు కుదించుకుపోతుంది కాబట్టి అలాంటి నకిలీ అసలు కంటే రవ్వంత చిన్నదిగా వస్తుంది. డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఇక్కడ పనికొస్తుంది. 1914 నాటి రెండో తరగతి క్రాసు వెడల్పు సుమారు 42 మిల్లీమీటర్లు, 1939 నాటిది సుమారు 44.

అయస్కాంత పరీక్ష అందరికీ తెలిసినదే: ఇనుప గుండె అయస్కాంతానికి అంటుకోవాలి. కానీ ఇది ఒక్కటే తీర్పు కాదు. ఇత్తడి గుండెతో చేసిన అసలైన క్రాసులూ ఉన్నాయి. ఇనుముతో చేసిన నకిలీలూ ఉన్నాయి. అలాగే చౌక జింకుతో చేసిన ప్రతి బ్యాడ్జీ నకిలీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏళ్లలో రాగి కరువై జర్మన్ తయారీదారులు జింకుకు మారారు. 1940 తేదీ పత్రంతో వచ్చిన జింకు బ్యాడ్జీని ప్రశ్నించాలి, 1944 నాటి దాన్ని జింకు అన్న కారణంతో పారేయకూడదు.

రిబ్బన్, దారం

రిబ్బన్ రంగులే కాలాన్ని చెబుతాయి. 1914 నాటి యుద్ధరంగపు రెండో తరగతి క్రాసుకు నలుపు మీద రెండు తెల్ల చారలు. యుద్ధరంగంలో లేనివారికి తెలుపు మీద రెండు నల్ల చారలు. 1939 నాటి రిబ్బన్‌లో మధ్యన ఎరుపు, రెండు పక్కలా తెలుపు, అంచులకు నలుపు. 1914 క్రాసుకు 1939 రిబ్బన్ తగిలించిన సెట్టు అరుదేమీ కాదు. అందులో మోసం లేకపోయినా, తర్వాత ఎవరో జత చేశారన్నది మాత్రం ఖాయం.

అతినీలలోహిత కాంతి టార్చి చవకైన, పదునైన సాధనం. బట్టను తళతళ తెల్లగా చూపే రసాయనాలు నారలోకి, దారాల్లోకి, డిటర్జెంట్లలోకి రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విరివిగా చేరాయి. అవి చీకట్లో ఆ టార్చి కింద నీలం కలిసిన తెలుపుతో మెరుస్తాయి. రిబ్బన్ కుట్టిన దారం అలా మెరిసిందంటే ఆ కుట్టు కొత్తదని చెప్పడానికి బలమైన ఆధారం దొరికినట్టే. పాత రిబ్బన్‌ను ఈ మధ్య డిటర్జెంటులో ఉతికినా మెరుపు వస్తుంది కాబట్టి, మెరుపు ఒక్కచోటే ఉందా, గుడ్డంతా పరుచుకుని ఉందా అన్నది గమనించాలి. వేలాడే ఒక పోగు కొసను నిప్పుకు తాకించి చూస్తే పత్తి బూడిదవుతుంది, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, పాలిస్టర్ కరిగి చిన్న పూసలా గట్టిపడుతుంది.

ముద్రలు, సంఖ్యలు

జర్మన్ వెండి చట్టం 1884లో వచ్చి 1888 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వెయ్యిలో 800 భాగాలు వెండి ఉన్న వస్తువు మీద 800 అంకె, నెలవంక, కిరీటం కనిపిస్తాయి. 1914 నాటి క్రాసుల రిబ్బన్ కొక్కెం మీద తయారీదారుల చిన్న ముద్రలు కూడా ఉంటాయి. ఉదాహరణకు ‘ఎస్-డబ్ల్యూ’ అంటే జీ ఉండ్ వాగ్నర్, ‘విల్మ్’ అంటే బెర్లిన్‌లోని హెచ్.జె. విల్మ్.

1941లో జర్మన్ పతకాల తయారీదారుల సంఘం ఏర్పడి, సభ్యులకు ‘ఎల్’ అక్షరంతో సంఖ్యలు ఇచ్చింది. దుకాణాల్లో అమ్మే ప్రతులకు ఆ సంఖ్యలు. ప్రభుత్వానికి సరఫరా చేసే ప్రతులకు అధ్యక్ష కార్యాలయం ఇచ్చిన వేరే సంఖ్యలుండేవి. బెర్లిన్‌లోని యుంకర్ సంస్థకు దుకాణపు సంఖ్య ఎల్/12, ప్రభుత్వ సంఖ్య 2. లూడెన్‌షీడ్‌లోని స్టైన్‌హౌయర్ ఉండ్ ల్యూక్‌కు ఎల్/16, 4. అదే ఊరిలోని డౌమర్‌కు ఎల్/11, 3. పెట్టె లోపల సంఘం చిహ్నం ఉండి, పతకం మీద ప్రభుత్వ సరఫరా సంఖ్య ఉంటే రెండూ వేర్వేరు దారుల్లో వచ్చినవని తెలుస్తుంది. అది మోసమని వెంటనే తేల్చకూడదు. పోగొట్టుకున్న పతకానికి బదులు సైనికుడు మరొకటి కొని పాత పెట్టెలో దాచుకుని ఉండవచ్చు. కానీ పూర్తి సెట్టు ధర అడిగే హక్కు అమ్మేవారికి ఉండదు.

ముద్ర కొట్టడం అన్నిటికన్నా సులువైన నకిలీ. ముద్ర లేని అసలు పతకం మీద పేరున్న సంస్థ ముద్రను కొత్తగా కొట్టిన సందర్భాలూ ఉంటాయి. ముద్ర గుంట లోపలి భాగం పతకం మిగతా ఉపరితలం వలెనే పాతబడి, నల్లబడి ఉందా అన్నది భూతద్దంలో చూడాలి.

కాగితాలు

బ్రిటిష్ పతకాల్లా జర్మన్ పతకాల అంచు మీద గ్రహీత పేరు సాధారణంగా ఉండదు. కాబట్టి ‘ఇది ఎవరిది’ అన్న ప్రశ్నకు జవాబు ప్రదాన పత్రంలో, సైనికుడి జీతపు పుస్తకంలో, సైనిక సేవా పుస్తకంలో వెతకాలి. పత్రంలోని తేదీ, దళం పేరు, సంతకం చేసిన అధికారి హోదా, గుండ్రని ముద్ర ఒకదానితో ఒకటి పొసగాలి. ఆ తేదీకి ఆ దళం ఎక్కడుంది, ఆ అధికారి ఆ పదవిలో ఉన్నాడా అన్నది పుస్తకాల్లో సరిచూడవచ్చు. జీతపు పుస్తకంలో పతకాల పేజీలోని నమోదు ఒకే పెన్నుతో, ఒకే చేతితో వరుసగా రాసి ఉండి, మిగతా పేజీల్లో వేర్వేరు గుమాస్తాల చేతిరాతలు కనిపిస్తే జాగ్రత్త పడాలి.

జర్మన్ సైనికుల రికార్డుల కోసం అడగాల్సిన చోటు ఆ దేశపు ఫెడరల్ ఆర్కైవ్స్. పాత సైనిక సమాచార కార్యాలయం 2019 జనవరి 1న అందులో కలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం విషయంలో ఒక పెద్ద లోటు ఉంది: 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబు దాడిలో ప్రష్యా సైన్యపు రికార్డులు చాలావరకు కాలిపోయాయి. బవేరియా సైన్యపు జాబితాలు మాత్రం మ్యూనిక్‌లో మిగిలాయి. అందువల్ల బవేరియా సైనికుడి పతకానికి కాగితపు రుజువు దొరికే అవకాశం ప్రష్యా సైనికుడి పతకం కంటే ఎక్కువ.

1957: చట్టబద్ధంగా పుట్టిన గందరగోళం

యుద్ధం ముగిశాక పశ్చిమ జర్మనీ 1957 జూలై 26న పతకాల చట్టం చేసింది. స్వస్తిక తీసేసిన రూపంలో పాత పతకాలు ధరించడానికి ఇది అనుమతించింది. ఐరన్ క్రాస్ మధ్యలో స్వస్తికకు బదులు మూడు ఓక్ ఆకులు వచ్చాయి. వీటిని తయారు చేసినవారిలో స్టైన్‌హౌయర్ ఉండ్ ల్యూక్ వంటి పాత సంస్థలే ఉన్నాయి. ఇవి నకిలీలు కావు. తమ కాలానికి తాము అసలైన వస్తువులే. అయితే చేయి తిరిగిన మోసగాడు ఈ చట్రం విప్పి, లోపల స్వస్తిక ఉన్న గుండె పెట్టి, పాత పెట్టెలో అమర్చి యుద్ధకాలపు పతకంగా అమ్మవచ్చు. సంస్థ ఒకటే, పనితనం ఒకటే కావడంతో వీటిని పట్టుకోవడం కష్టం. అంచు టంకాన్ని మళ్లీ విప్పి అతికిన ఆనవాళ్లు, చట్రం మీది దిమ్మ లోపాలు యుద్ధకాలపు పట్టికతో సరిపోకపోవడం ఇక్కడ దారి చూపుతాయి.

వియన్నాలో తయారైన ఆజాద్ హింద్ పతకాలు

జర్మన్ పతకాల చరిత్రలో భారతీయులకు అన్నిటికన్నా దగ్గరైన అధ్యాయం ఆజాద్ హింద్ పతకాలు. సుభాష్ చంద్రబోస్ 1941 నవంబర్‌లో బెర్లిన్‌లో ఫ్రీ ఇండియా సెంటర్‌ను ప్రారంభించి, యుద్ధఖైదీలైన భారతీయ సైనికులతో ఒక దళం కూర్చారు. ఆ దళం కోసం 1942లో నెలకొల్పినవే ఈ పతకాలు: షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్, షహీద్-ఎ-భారత్. పోరాటంలో చూపిన పరాక్రమానికైతే కత్తులతో, ఇతర సేవకైతే కత్తులు లేకుండా ఇచ్చేవారు. దళంలోని భారతీయులతోపాటు జర్మన్లకూ దక్కాయి. తయారీ వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ సంస్థ.

ఈ కథలో హైదరాబాద్ వాటా చిన్నది కాదు. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ బోస్ వెంట చేరిన ఆబిద్ హసన్ హైదరాబాదీ. ‘జై హింద్’ పలకరింపును రూపొందించినవాడిగా ఆయన పేరు ప్రసిద్ధం. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జర్మన్ జలాంతర్గామి యు-180లో బోస్ ఆసియాకు బయలుదేరినప్పుడు వెంట ఉన్న ఏకైక భారతీయుడు ఆయనే. మడగాస్కర్ సమీపంలో ఇద్దరూ జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి మారారు. స్వాతంత్ర్యం తర్వాత ఆబిద్ హసన్ సఫ్రానీ భారత విదేశాంగ సర్వీసులో పనిచేసి, హైదరాబాద్‌లో స్థిరపడి, 1984లో కన్నుమూశారు.

ఇలాంటి చరిత్ర ఉన్న పతకాలకు మన దేశంలో గిరాకీ ఉండటం సహజం. చిక్కంతా సూవాల్ దగ్గరే వస్తుంది. యుద్ధం ముగిశాక కూడా ఆ సంస్థ సేకర్తల కోసం పాత పతకాలను మళ్లీ అచ్చు ఒత్తింది. ఆజాద్ హింద్ పతకాలూ వాటిలో ఉన్నాయి. ఇవాళ బజారులో కనిపించేవాటిలో తర్వాతి అచ్చులే ఎక్కువ. దిమ్మ పరీక్ష, పనితనం పరీక్ష ఇక్కడ దాదాపు చేతులెత్తేస్తాయి, ఎందుకంటే కార్ఖానా ఒకటే. మిగిలేవి లోహం మీది సహజమైన వాడకపు అరుగుదల, పిన్ను రకం, రిబ్బన్ నార, పెట్టె పదార్థం, అన్నిటికీ మించి ఆ వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న చరిత్ర. నాలుగు తరగతులూ తళతళలాడుతూ ఒకే పెట్టెలో వరుసగా అమర్చి ఉంటే, అది ఏ ఒక్క సైనికుడికీ ప్రదానం చేసిన రూపం కాదని గుర్తుంచుకోవాలి. అలాంటి సెట్టును నమూనాగా కొనుక్కోవచ్చు, స్వాతంత్ర్య యోధుడి స్మారకంగా మాత్రం కాదు. దేశం కోసం ప్రాణం ఒడ్డినవారి పేరు తగిలించి తర్వాతి అచ్చును అమ్మడం కొనుగోలుదారునే కాదు, ఆ యోధులనూ అవమానించడమే.

ఎమ్డెన్ డాలర్లు

తెలుగువారికి తెలిసిన మరో జర్మన్ యుద్ధ జ్ఞాపకం ఎమ్డెన్ నౌక. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ నడిపిన ఈ యుద్ధనౌక 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఆ పట్టణం నుంచి జనం భయంతో తరలిపోయారు. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ ధ్వంసమైంది. శిథిలాల నుంచి తీసిన మెక్సికో వెండి డాలర్లలో సుమారు వెయ్యి నాణేలకు పైభాగాన కిరీటం, పేర్లు రాసిన పట్టీ అతికించి స్మారక పతకాలుగా చేశారు.

వీటి నకిలీ సులువు: పాత మెక్సికో డాలర్లు ఇప్పటికీ దొరుకుతాయి, అతికించాల్సింది పైభాగం మాత్రమే. నాణెం అసలుదే కాబట్టి బరువు, వెండి పరీక్ష రెండూ పాసవుతాయి. చూడాల్సింది పట్టీ అక్షరాల తీరు, టంకం పాతదనం, నాణెం మీది సంవత్సరం 1914కు ముందుదా కాదా అన్నది.

అంచు మీది పేరు: హైదరాబాద్ ఇళ్లలోని పతకాలు

తెలంగాణ ఇళ్ల ట్రంకుపెట్టెల్లో దొరికేవి ఎక్కువగా బ్రిటిష్ పతకాలు. నిజాం ప్రభుత్వపు హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్‌లో పాలస్తీనా వెళ్లారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీదికి దూకినవి అదే బ్రిగేడ్‌లోని జోధ్‌పూర్, మైసూరు దళాలు. అక్కడ ఎదురుగా ఉన్నవారిలో టర్కీ సైనికులతోపాటు జర్మన్లూ ఉన్నారు. ఈ మూడు సంస్థానాల సైనికుల జ్ఞాపకార్థం నిలబెట్టినవే ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాలు.

ఆ కాలపు వార్ మెడల్, విక్టరీ మెడల్ రెండూ 36 మిల్లీమీటర్లవి. వాటి అంచు మీద సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం ఒత్తి ఉంటాయి. అసలు పేరును గీకేసి ఇంకో పేరు ఒత్తితే అంచు ఆ చోట పలుచబడుతుంది. కాలిపర్‌తో అంచు చుట్టూ నాలుగు చోట్ల కొలిస్తే తేడా బయటపడుతుంది. మరో పొరపాటు మోసం లేకుండానే జరుగుతుంది. ‘హైదరాబాద్ రెజిమెంట్’ అన్న పేరు చూసి అది నిజాం సైన్యపు పతకం అనుకుంటారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యానిది. అందులో కుమావూనీలు, అహీర్లు, జాట్లు ఎక్కువ. 1945 అక్టోబర్‌లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత దళాలు వేరు.

ఇంట్లో దొరికిన పతకాన్ని చింతపండుతోనో పీతాంబరి పొడితోనో తోమడం మన దగ్గర అలవాటు. ఒక్క తోముడుతో అంచు అక్షరాలు మొద్దుబారతాయి, వయసు చెప్పే పొర పోతుంది. దుమ్మును మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

నగరంలో పరీక్షలు, చట్టం

బంగారు దుకాణాల్లో ఉండే క్యారట్ మీటర్ ఎక్స్-కిరణాలతో లోహపు కూర్పు చెబుతుంది, వస్తువుకు గాయం కాదు. కానీ అది చదివేది పైపొరనే. వెండి పూత మందంగా ఉంటే వెండి అనే చూపిస్తుంది. అతుకు దగ్గర, అరిగిన మూల దగ్గర వేర్వేరుగా చదివించి పోల్చాలి. గీటురాయి మీద గీయించడం, ఆమ్లం వేయించడం మాత్రం వద్దు. లోహపు సూక్ష్మ నిర్మాణం చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి పరిశోధనా సంస్థల్లో అలాంటి పరికరాలున్నాయి. అవి పరిశోధన కోసం ఉన్నవి కాబట్టి, మ్యూజియం స్థాయి వస్తువు విషయంలో విద్వాంసుల ద్వారా అడగడం సబబు.

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. ప్రభుత్వ అనుమతి లేనిదే దాన్ని దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలు ఇప్పుడు ఆ వయసుకు చేరాయి. అమెరికాలోని పిల్లలకు తాతగారి పతకాన్ని పంపాలనుకునే కుటుంబాలు ముందుగా భారత పురావస్తు సర్వేక్షణ శాఖను సంప్రదించాలి.

సేకర్త ప్రతి పతకానికి ఒక దస్త్రం పెట్టుకోవడం మంచిది: రెండు వైపులా, నాలుగు అంచులా ఫొటోలు, బరువు, కొలతలు, అయస్కాంత, అతినీలలోహిత పరీక్షల ఫలితాలు, అమ్మినవారి రసీదు, అంతకుముందు యజమానుల వివరం. నాజీ కాలపు వస్తువైతే అది ఏ ఘోరాల నడుమ పుట్టిందో కూడా ఆ దస్త్రంలో రాయాలి. అలాంటి వస్తువును చరిత్రకు సాక్ష్యంగా దాచాలి తప్ప అలంకారంగా గోడకు తగిలించకూడదు. నిజాం సైనికుల పతకాల విషయంలో ఈ దస్త్రానికి తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం తోడ్పడుతుంది. అసఫ్‌జాహీల కాలపు ఫార్సీ, ఉర్దూ పత్రాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. అంచు మీది పేరునూ దళాన్నీ పట్టుకుని వెతకడం మొదలుపెట్టవచ్చు.